చైనా ఆఫీసులో మూడేళ్లు

సాంచాల చప్పుడు మధ్య పెరిగిన షోలాపూర్ పిల్ల చైనా ఆఫీసులో ఎట్లా నెగ్గుకొచ్చిందని మన వాడకట్టులో చాలామంది అడుగుతున్నారు. మన పిల్లలు ఇప్పుడు బట్టల వ్యాపారం పనిమీద అటు పోతున్నారు కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

2016 నుంచి 2019 దాకా నేను జెజియాంగ్ రాష్ట్రంలో షావోషింగ్ నగరానికి చెందిన కచ్యావ్‌లో పనిచేశాను. అది బట్టల ఊరు. ఏ మార్కెట్లో అడుగుపెట్టినా తానులే తానులు. మన దేశపు వ్యాపారులు కూడా అక్కడ బాగానే ఉంటారు. మాది పదిహేను మంది ఉన్న చిన్న ఎగుమతి ఆఫీసు. ఇండియా పార్టీలతో మాట్లాడటం, ఆర్డర్ల వెంట పడటం నా పని.

మొదటి వింత పగటి నిద్ర. పన్నెండు కొట్టగానే అందరూ అన్నం తిని వచ్చి, లైట్లు ఆర్పి, మడత మంచాలు వేసుకుని పడుకుంటారు. మంచం లేనివాళ్లు టేబుల్ మీదనే తల వాలుస్తారు. ఒకటిన్నర దాకా ఎవరూ మాట్లాడరు. ఫోన్‌లో చెబితే నాయిన నమ్మలేదు. "పగటిపూట పండుకుంటే పగార్ ఇస్తరా బిడ్డా?" అన్నాడు. పన్నెండు గంటల షిఫ్టులో సాంచా పక్కన నిలబడ్డ మనిషి ఆయన.

కొన్ని సంగతులు మాత్రం మన ఇంటివే అనిపించాయి. ఎదురుపడితే "తిన్నావా?" అని పలకరిస్తారు. మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పెద్దవాళ్లను ఒట్టి పేరు పెట్టి పిలవరు. వాంగ్ ఇంటిపేరు గల పెద్దాయన 'లావో వాంగ్', చిన్నవాడు 'షియావ్ వాంగ్', యజమాని అయితే 'వాంగ్ జోంగ్'. విందులో గ్లాసు గ్లాసుకు తాకించేటప్పుడు పెద్దవాళ్ల గ్లాసు కంటే మన గ్లాసు కాస్త కిందికి పట్టాలి. ఎండాకాలంలో కూడా వేడినీళ్లే తాగుతారు. నాకు జలుబు చేసినా, కడుపు నొచ్చినా వాళ్లు చెప్పే మందు ఒకటే, వేడినీళ్లు.

కష్టమైంది మాట. అక్కడ ఎదురుగా 'కాదు' అనరు. 'జై షువో' అంటారు, అంటే తర్వాత చూద్దాం అని. చాలాసార్లు ఆ తర్వాత రాదు. మాతో పనిచేసే కొత్త కుర్రవాడు ఒకడు మీటింగులో అందరి ముందు లీవు అడిగాడు. యజమాని నవ్వి 'జై షువో' అన్నాడు. ఆ లీవు రానేలేదు. పదిమంది ముందు అడిగితే యజమాని ముఖం చిన్నబోతుందట.

పని గంటల సంగతి వేరు. చైనా కార్మిక చట్టం 1995 నుంచి అమల్లో ఉంది. రోజుకు 8 గంటలు, సగటున వారానికి 44 గంటలు మించకూడదు. ఎక్కువ పని చేయిస్తే ఒకటిన్నర రెట్లు, వారపు సెలవు రోజు చేయించి బదులు సెలవు ఇవ్వకపోతే రెండు రెట్లు, పండుగ సెలవు రోజున మూడు రెట్లు ఇవ్వాలి. మా ఆఫీసులో సాయంత్రం ఆరింటికి ఎవరూ లేచేవాళ్లు కాదు. రాత్రి పదింటికి కూడా వీచాట్ గ్రూపులో ఆర్డర్ల మెసేజులు వచ్చేవి. పైసా ఎక్కువ లేదు. అక్టోబరు ఒకటి నుంచి ఏడు రోజుల సెలవు అంటారు గానీ, అందులో కొన్ని రోజులకు బదులుగా ముందో వెనకో వారాంతంలో పని చేయాలి.

2018 అక్టోబరులో నాయినకు గుండె ఆపరేషన్ అన్నారు. కచ్యావ్‌లో అది గిరాకీ నెల. అకౌంట్లు చూసే పెద్దక్క నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "గ్రూపులో రాయకు. నిద్ర టైము అయినంక ఒక్కదానివే పో. నీ పని ఎవరు చూస్తరో ముందే రాసుకొని పో." మిల్లులో జాబరు దగ్గరకు తాత కూడా ఇట్లాగే పోయేవాడని అమ్మ చెప్పేది. నా ఆర్డర్లు ఎవరెవరు చూస్తారో కాగితం మీద రాసుకుని వెళ్లాను. యజమాని కాగితం చదివి, ఏమీ అడగకుండా పదిహేను రోజులు పొమ్మన్నాడు. సాయంత్రం నాయిన కోసమని ఒక లాంగ్‌జింగ్ టీ డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

కానీ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నా మెసేజులు ఆగలేదు. చైనా మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ తెల్లారకముందే ఫోన్ మోగేది. నెలాఖరుకు పదిహేను రోజుల జీతం కోత పడింది. ఆ పదిహేను రోజుల్లో చేసిన పనికి లెక్క లేదు.

మంచం మీది నుంచి నాయిన అడిగింది ఒకటే. "మంచోడే. కాయిదం ఇచ్చిండా?" తాత పనిచేసిన మిల్లు యజమాని కూడా మంచోడేనట. పెళ్లిళ్లకు వచ్చేవాడు, పసిపిల్లలను ఎత్తుకునేవాడు. మిల్లు మూతపడ్డాక బాకీ కోసం తాత ఏళ్ల తరబడి తిరిగాడు.

తిరిగి వెళ్లాక కొత్త ఏడాది కాంట్రాక్టులో లీవు, అదనపు గంటల సంగతి రాయించమని అడిగాను. మళ్లీ ఒంటరిగానే, మళ్లీ నిద్ర టైము తర్వాతే. సగం రాశారు. ఆ సగం నాకు పనికొచ్చింది.

పోయే పిల్లలకు చెప్పేది ఇదే. వాళ్ల మర్యాద నేర్చుకోండి, అది మనకు కొత్తేం కాదు. కానీ పని చేయడానికి జెడ్ వీసా మీదనే పోండి. వ్యాపార వీసా మీద కూర్చోబెట్టి పని చేయించుకుంటామంటే ఒప్పుకోకండి, అది చట్టవిరుద్ధం. కాంట్రాక్టులో చైనా భాషలో ఏముందో తెలిసినవాళ్లతో చదివించుకున్నాకే సంతకం పెట్టండి. ఒక కాపీ ఇంట్లో అమ్మ దగ్గర ఉంచి పోండి.