గూర్ఖా పుట్టిన నేల

నేపాల్ అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది ఎవరెస్టు శిఖరం. నాకు మాత్రం ఒక ఈల చప్పుడు స్ఫురిస్తుంది. నా చిన్నతనంలో రాయచోటిలో మా వీధిన అర్ధరాత్రి దాటాక ఒక గూర్ఖా తిరిగేవాడు. కర్రతో నేల తట్టి, ఈల వేసి, ముందుకు సాగిపోయేవాడు. నెల మొదట్లో ఇంటింటికీ వచ్చి నవ్వుతూ నిలబడితే, మా అమ్మీ ఐదో పదో చేతిలో పెట్టేది. అతని పేరేమిటని మాలో ఎవరమూ అడగలేదు. గూర్ఖా అంటే కావలివాడని అర్థం కాబోలుననుకున్నాం. అది ఒక నేల పేరనీ, ఆ నేల మీద అతని కోసం ఒక తల్లి ఎదురుచూస్తూ ఉండవచ్చుననీ మాకు తోచనే లేదు.

ఆ పేరు గల జిల్లాకు నేను 2023 దసరా సెలవుల్లో వెళ్లవలసి వచ్చింది. మా పెద్దన్న చాలా ఏళ్లుగా కువైట్‌లో ఉన్నాడు. మన ఊరివారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కువైట్‌కు మనిషిని పంపని వీధి మన రాయచోటిలో అరుదు. 2018లో మా అబ్బాజాన్ కాలం చేసినప్పుడు అన్న చేతిలో టిక్కెట్టుకు డబ్బు లేదు. అదే గదిలో ఉంటున్న గోర్ఖా జిల్లా మిత్రుడొకడు తాను ఇంటికి పంపవలసిన నెల జీతాన్ని అన్న చేతిలో పెట్టి విమానం ఎక్కించాడు. అన్న ఆ బాకీ తరువాత తీర్చాడు. ఆ మిత్రుడు మాత్రం ఒకే ఒక కోరిక కోరాడు: "మా అమ్మను చూసి నాలుగేళ్లయింది. మీ ఇంటినుంచి ఎవరైనా వెళ్లి ఒకసారి చూసి రండి." ఆ బాధ్యత నా మీద పడింది.

తిరుపతి దాకా బస్సులోను, అక్కడినుంచి రైళ్లు మారుతూ గోరఖ్‌పూరుకూ చేరి, సునౌలీ వద్ద సరిహద్దు దాటాను. మనకు వీసా అవసరం లేదు. పాస్‌పోర్టుగాని, ఓటరు గుర్తింపు కార్డుగాని వెంట ఉంచుకోవడం మంచిది. దాటగానే గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. క్యాలెండరైతే ఏకంగా యాభైయేడేళ్లు ముందుకు పోతుంది! అక్కడ విక్రమ సంవత్సరం వాడుకలో ఉన్నది. నేను వెళ్లిన ఏడాది వారికి 2080. మన వంద రూపాయలు వారి నూట అరవై రూపాయలకు సమానం. పెద్ద నోట్ల విషయంలో నిబంధనలు మారుతూ వచ్చాయి గనుక బయలుదేరేముందు కనుక్కోవాలి. నేను వెళ్లిననాటికి కార్యాలయాలకు వారపు సెలవు శనివారం.

విస్తీర్ణంలో నేపాల్ మన ఆంధ్రప్రదేశ్ కంటె కొంచెం చిన్నది. 2021 జనగణన ప్రకారం జనసంఖ్య సుమారు 2 కోట్ల 91 లక్షలు. మూడు వైపుల భారతదేశం, ఉత్తరాన చైనా. సముద్రమే లేదు. దక్షిణాన గంగా మైదానానికి కొనసాగింపైన తరాయి, నడుమ కొండల సీమ, ఉత్తరాన హిమాలయం అని మూడు మెట్లుగా నేల పైకి లేస్తుంది. సముద్రమట్టానికి వంద మీటర్లయినా ఎత్తులేని వరిపొలాల నుంచి 8,848.86 మీటర్ల ఎవరెస్టు వరకు, ఈ ఎత్తుపల్లాలన్నీ రెండువందల కిలోమీటర్ల వెడల్పులోనే ఇమిడి ఉన్నాయి. ప్రపంచంలో ఎనిమిదివేల మీటర్లు మించిన శిఖరాలు పద్నాలుగైతే, వాటిలో ఎనిమిది నేపాల్‌లోనో, దాని సరిహద్దుల మీదనో ఉన్నాయి.

సరిహద్దుకు దాపుననే లుంబిని ఉన్నది. బుద్ధుడు జన్మించిన చోట అశోకుడు నిలిపిన స్తంభాన్ని చూశాను. తాను స్వయంగా వచ్చి పూజించాననీ, ఈ ఊరి పన్ను తగ్గించాననీ ఆ చక్రవర్తి బ్రాహ్మీలిపిలో చెక్కించాడు. ఆ అక్షరాలను చూస్తూ ఉంటే మన కర్నూలు జిల్లాలో జొన్నగిరికి దగ్గరనున్న ఎర్రగుడి గుర్తుకు వచ్చింది. అదే రాజు, అదే లిపి, మన సీమ రాళ్ల మీద కూడా ఉన్నవి. తల్లిదండ్రుల మాట వినాలనీ, ప్రాణుల పట్ల దయ చూపాలనీ ఎర్రగుడి శాసనం బోధిస్తుంది. హిమాలయ పాదమూ మన ఎర్రనేలా ఒకప్పుడు ఒకే చేతివ్రాతను చదువుకున్నాయన్న మాట! విద్యార్థులు లుంబిని దాకా పోలేకున్నా ఎర్రగుడికైనా పోయి రావాలని నా కోరిక.

తరాయి దాటి నారాయణఘాట్, ముగ్లింగ్ మీదుగా బస్సు కొండలెక్కింది. ఒక పక్క రాతిగోడ, మరొక పక్క లోయలో నది. మన మాండవ్య నదిలో ఇసుకనే ఎక్కువగా చూసిన నాకు, అక్కడ దసరా వెళ్లినా తగ్గని ఆ నీటి హోరు వింటే ఈర్ష్య కలిగింది. వారి దసరాకు దశైం అని పేరు. దేశమంతా స్వగ్రామాలకు తరలిపోయే పండుగ. బస్సు పైకప్పు మీద మేకలు, లోపల మనుషులు. ప్రయాణికులు ఆ రోజుల్లో ముందుగానే టిక్కెట్టు తీసుకోకపోతే నిలబడే ప్రయాణించాలి.

గోర్ఖా బజారు నుంచి మా మిత్రుని ఊరికి కాలినడక. 1768లో కఠ్మాండూను జయించి నేటి నేపాల్‌కు పునాది వేసిన పృథ్వీనారాయణ షా ఈ గోర్ఖాకే రాజు. 2015 ఏప్రిల్ 25న సుమారు తొమ్మిదివేల మందిని బలిగొన్న భూకంపానికి కేంద్రం కూడా ఈ జిల్లాయే. మిత్రుని రాతి ఇల్లు ఆనాడే కూలిపోయింది. ఇల్లు మళ్లీ కట్టడానికి చేసిన అప్పే అతణ్ని కువైట్ పంపింది. ఇప్పుడు సిమెంటు ఇల్లు నిలబడి ఉన్నది. అందులో నిద్రించవలసినవాడే లేడు.

నా మనస్సులో రెండు సంకోచాలు. పండుగనాడు పెద్దలు పెరుగు, కుంకుమ కలిపిన బియ్యాన్ని చిన్నవారి నుదుట దిద్ది, మొలకెత్తించిన యవధాన్యపు ఆకులను చెవి దగ్గర ఉంచి దీవిస్తారు. దాన్ని టీకా అంటారు. నేను కాదంటే ఆ తల్లి నొచ్చుకుంటుందేమో! ఇంట దేవికి బలి ఇచ్చిన మేకమాంసం వడ్డిస్తే ఏం చెప్పాలి? దారి పొడుగునా ఇదే ఆలోచన.

ఆమెను "ఆమా" అని పిలిచాను. అక్కడ అమ్మను అలాగే అంటారు. ఆమె నన్ను "బాబూ" అన్నది. ఆ మాటకు అనువాదం అక్కరలేదు కదా! మిగిలిన మాటలకు నా దక్కనీ ఉర్దూ, పక్కింటి అమ్మాయి హిందీ సాయపడ్డాయి. టీకా వేళ ఆమె పళ్లెంతో వచ్చి, నా నుదుటి ముందు ఆగి, చేతిని నా తలమీద మాత్రం ఉంచింది. "మీవారికి బొట్టు ఆనవాయితీ కాదని మావాడు ఫోనులో చెప్పాడు" అన్నది. తరువాత పక్కింటి అమ్మాయి ఫోనులో కువైట్‌లోని కొడుకు ముఖం కనిపించేలా పట్టుకుంది. ఆ తల్లి తడి బియ్యాన్ని వేళ్లతో తీసి ఫోను అద్దం దాకా తీసుకుపోయి ఆగింది. అటు ఎడారిలో ముప్పైయేళ్ల మనిషి నుదురు ముందుకు వంచాడు. నేను గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డాను. ఉత్తరాన మేఘం తొలగి, 8,163 మీటర్ల మనాస్లూ శిఖరం తెల్లగా కనిపిస్తున్నది. దాన్ని చూడటానికి జనం ఖండాలు దాటి వస్తారు. ఆ క్షణాన నా కళ్లకు అది సరిగా ఆనలేదు.

భోజనానికి పిలిచి నా ముందు వేరుగా వండిన గిన్నె పెట్టింది. మూత తీస్తే రాగి సంగటి! పేరు మాత్రం ఢిండో. అక్కడి కొండల్లో రాగులతోను, మొక్కజొన్న పిండితోను చేస్తారు. పక్కన గుంద్రుక్ అనే పులియబెట్టి ఎండించిన ఆకుకూర పులుసు. "పండుగనాడు పేదతిండి పెట్టానని అనుకోవద్దు. మాంసం నీకు పనికిరాదని వేరే పొయ్యి మీద చేశాను" అన్నది. మా రాయలసీమలో మేము తినేది ఇదేనని చెబితే నమ్మలేదు. సంగటి ముద్దను పులుసులో అద్ది మింగి చూపించాకనే నమ్మింది. నా రెండు సంకోచాలనూ నేను గడప తొక్కకముందే ఆమె తీర్చివేసింది.

అక్కడినుంచి కఠ్మాండూ వెళ్లాను. సుమారు పద్నాలుగువందల మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో కఠ్మాండూ, లలిత్‌పూర్, భక్తపూర్ అనే మూడు పురాతన నగరాలున్నాయి. నేవారు శిల్పులు చెక్కిన కిటికీలు చూసితీరవలసినవి. బాలికను కుమారీదేవిగా కొలిచే ఆచారం వారిదే. ఆ బాలికను బౌద్ధ శాక్య కుటుంబాల నుంచి ఎన్నుకుంటారు, హిందువులూ మొక్కుతారు. బాగమతి ఒడ్డున పశుపతినాథుని గుడిలో పూజలు చేసే భట్టులు తరతరాలుగా దక్షిణాది నుంచి వెళ్లినవారే. హైందవేతరులకు ప్రధానాలయ ప్రవేశం లేదు గనుక నేను ఆవలి ఒడ్డున నిలబడి చూశాను. ప్రయాణికులు ఏ దేశాచారాన్నైనా తర్కించకుండా గౌరవించడం మర్యాద. గోవధ అక్కడ చట్టరీత్యా నేరమనీ గుర్తుంచుకోవాలి.

శుక్రవారం నమాజుకు ఘంటాఘర్ దగ్గరి జామే మసీదుకు వెళ్లాను. 1857లో ఆంగ్లేయులను ఎదిరించిన అవధ్ రాణి బేగం హజ్రత్ మహల్ నేపాల్‌లో ఆశ్రయం పొంది, 1879లో అక్కడే కన్నుమూసింది. ఆమె సమాధి ఆ మసీదు ఆవరణ పక్కనే ఉన్నది. ఫాతిహా చదివాను. నేపాల్ జనాభాలో ముస్లింలు సుమారు ఐదు శాతం. తరాయి రైతులు, కాశ్మీరు నుంచి వచ్చిన వర్తకుల వారసులు, కొండల్లో చురౌటేలు. చురా అంటే గాజు. గాజులమ్మే వృత్తి వారికి ఆ పేరు తెచ్చింది. గాజుల మలారంతో పల్లెలు తిరిగిన మనవారిని తలచుకొని నవ్వుకున్నాను.

లలిత్‌పూర్‌లో శతాబ్దాలనాటి రాతి ధారల దగ్గర బిందెల వరుస చూశాను. హిమనదుల దేశ రాజధానిలో నీటికి కొరత! మేలంచి నీరు 2021లో సొరంగం ద్వారా నగరానికి చేరిన కొద్ది నెలలకే వరదలు ఆ పనులను దెబ్బతీశాయి. నీరు ఎదుట పారినంత మాత్రాన బిందెలోకి రాదని మన సీమ ఆడపడుచులకు చెప్పనవసరం లేదు.

తిరుగు ప్రయాణంలో ఆలోచించాను. ప్రవాసులు పంపే డబ్బు నేపాల్ స్థూలాదాయంలో సుమారు నాలుగోవంతు. 2025 సెప్టెంబరులో అక్కడి యువజనులు వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాన్నే దించివేసినప్పుడు, అవినీతితోపాటు ఈ నిరుద్యోగమూ వారి ఆగ్రహానికి కారణమైంది. మన ఊరి కథ వేరా? మా అమ్మీ కూడా ఈద్ నాడు సేమ్యా గిన్నెను ఫోను ముందుకు పట్టి చూపిస్తుంది. ఇద్దరు తల్లుల కొడుకులూ ఒకే గదిలో, ఒకరి జ్వరానికి మరొకరు గంజి కాచుకుంటూ బ్రతుకుతున్నారు.

నేను తిరిగివచ్చి అంతా చెప్పాక అమ్మీ ఒక్కటే అడిగింది: "మన వీధి గూర్ఖాది ఏ ఊరో!" జవాబు నా దగ్గర లేదు. అతను మా నిద్రను కాపాడిన రాత్రుల్లో అతని ఇంటి తలుపు ఎవరు కాచారో అడగవలసిన కాలం గడిచిపోయింది.

విద్యార్థులారా! నేపాల్ వెళ్లగలిగినవారు తప్పక వెళ్లండి. వెళ్లలేనివారు బెంగపడవద్దు. మన ఊళ్లలో హోటళ్ల పొయ్యిల దగ్గర, నూడుల్సు బండ్ల దగ్గర ఆ దేశపు యువకులు కనిపిస్తూనే ఉంటారు. తిని డబ్బిచ్చి రావడంతో సరిపెట్టకండి. అతని పేరడగండి. ఏ జిల్లా అని అడగండి. ఇంటికి వెళ్లి ఎన్నేళ్లయిందని అడగండి. ఆ దేశానికి దారి అక్కడినుంచే మొదలవుతుంది.