నాలుగు తూముల పెట్టె

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద నడిచినప్పుడల్లా ఒక సంగతి మనసుకు తోస్తుంది. చెరువు గొప్పతనం పట్టే నీటిలో మాత్రమే లేదు; ఏ తూము ఏ పొలానికో ఎరిగి కట్టడంలో ఉంది. ఈ ఇంగితం నాకు ఆలస్యంగా అబ్బింది.

మా అక్కయ్య, బావగారు ఇక్కడ ఒక స్టడీ హాలు నడుపుతున్నారు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు వస్తారు. అంతర్జాలాన్ని పంచేందుకు ఒక పెట్టె కావలసి వచ్చింది. బయటినుంచి వచ్చే తీగకు ఒక పోర్టు, పిల్లలకొకటి, జమాఖర్చుల సంగణకానికొకటి, నిఘా కెమెరాలకొకటి. దేని దారి దానిదే. నేను మూలనున్న పాత డెస్క్‌టాప్‌లో నాలుగు పోర్టుల కార్డు బిగించి, ఓపీఎన్‌సెన్స్ ఎక్కించి, "ఖర్చే లేదు బావగారూ!" అని మురిసిపోయాను.

వేసవి వచ్చింది. ఆ పెట్టె 70 వాట్లు తాగేది. అంటే నెలకు 50 యూనిట్లు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాన్లతోపాటు దీన్నీ మోసిన ఇన్వర్టరు తొమ్మిదింటికల్లా చేతులెత్తేసింది. ఆ అర్ధరాత్రితో ఒక ఉద్యోగ దరఖాస్తుకు గడువు. ఒక అమ్మాయి రుసుము చెల్లించే పుట దగ్గర ఆగిపోయింది. ఆఖరి రాత్రి రద్దీలో, ఫోనులో మళ్ళీ మొదటినుంచి నింపేసరికి గడువు దాటింది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఈసారి వేగం సంగతి అడగలేదు. ఒకప్పుడు ఇలాంటి పనికి స్విట్జర్లాండు వారి పీసీ ఇంజిన్స్ ఏపీయూ బోర్డులు పెట్టింది పేరు. 2023లో వారు ఆ తయారీకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది మొదట్లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసరు 6 వాట్ల తరగతిది. దానితో చేసిన, అరచేతికి కాస్త పెద్దదైన పెట్టెను ఎంచుకున్నాను. ఫ్యాను లేదు; అల్యూమినియం ఒళ్ళే వేడిని వదిలేస్తుంది, కంకర లారీల దుమ్మును లోపలికి పీల్చదు. పోర్టుల చిప్పులూ చూసుకున్నాను: ఐ225 తొలి విడతల్లో లోపం 2020లోనే బయటపడింది, అందుకని ఐ226. మీటరు పెడితే 10 వాట్లు. పైగా 12 వోల్టులతో నడుస్తుంది కనుక, దానికి విడిగా ఒక చిన్న బ్యాటరీ అమర్చాను. ఇన్వర్టరుతో ఇక పనిలేదు.

ఆ అమ్మాయి తరువాతి ప్రకటనకు మొదటి రోజే దరఖాస్తు పెట్టుకుంది. నా కొత్త పెట్టె మీద నమ్మకంతో కాదు లెండి!