మొప్ప చాటు చుట్టం

ఆదివారం పొద్దున్న దిల్‌సుఖ్‌నగర్‌లో చేపలు కొనేవాళ్లు ముందు మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే తాజా చేప, పాలిపోతే నిల్వది. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడా, ఎల్‌బీ నగర్‌లోనూ స్థిరపడిన కుటుంబాలకు ఈ పరీక్ష అమ్మమ్మలు నేర్పిందే. విజయవాడ రోడ్డు నగరంలోకి అడుగుపెట్టేది ఎల్‌బీ నగర్ దగ్గరే. ఐసు పెట్టెల్లో పండుగప్ప వచ్చేదీ ఆ దారినే.

ఆ ఎర్రటి మొప్పల్లో మరో ప్రాణి కథ దాగుంది.

పండుగప్ప మొగల చేప. నది సముద్రంలో కలిసేచోట పుట్టి, ఏరెక్కి మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకు మళ్లీ ఉప్పునీటికి దిగుతుంది. 1790లో బ్లాక్ అనే జర్మన్ వైద్యుడు దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. దాని మొప్పలను కరుచుకుని బతికే చదునైన పురుగును మన దేశానికి చెందిన త్రిపాఠి 1957లో వర్ణించి 'డిప్లెక్టానమ్ లాటెసి' అన్నారు. 2006లో చైనా, అమెరికా, భారత శాస్త్రవేత్తలు మళ్లీ పరిశీలించి, 'లాటికోలా' అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. ఇంటిపేరు మారిందన్నమాట!

ఈ పురుగుకు తోక వైపు కొక్కేలు, పొలుసుల్లాంటి పట్టీలు ఉంటాయి. నత్తలాంటి మధ్యవర్తి అక్కర్లేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఈదుకుంటూ నేరుగా చేపను చేరుతుంది.

ఆఫ్రికాలో పండుగప్పకు దాయాది ఉంది... నైలు పెర్చ్. దాని మొప్పల మీదా ఇదే కుటుంబపు పురుగులే! అందుకే శాస్త్రవేత్తలు చేపల వంశవృక్షం పక్కన పురుగుల వంశవృక్షాన్నీ పెట్టి చూస్తారు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు పురుగులూ వేరుకాపురం పెట్టాయా, మధ్యలో ఇల్లు మారాయా అన్నది అక్కడ తేలుతుంది.

ఇది కేవలం పేర్ల గొడవ కాదు. 2007లో విశాఖ తీరంలో సముద్రపు పంజరంలో పండుగప్పను పెంచి చూశారు. ఏట్లో తిరిగే చేపకు నాలుగు పురుగులు పట్టినా పెద్ద నష్టం లేదు. పంజరాల్లో, చెరువుల్లో ఒత్తుగా పెంచితే మాత్రం పురుగు పిల్లకు పక్కనే మరో చేప దొరుకుతుంది. మొప్పలు పుండ్లుపడి చేపకు ఊపిరాడదు. రైతు పెట్టుబడి నీళ్లపాలు. శత్రువు ఎవరో సరిగ్గా తెలిస్తేనే కదా అడ్డుకునేది!

తినేవాళ్లకు భయం లేదు. ఈ పురుగు మనుషులకు అంటుకోదు. పైగా చేప కోసేవాళ్లు మొప్పలను ముందే తీసి పక్కన పడేస్తారు. పులుసు ముక్కలు ఇంటికి... లక్షల ఏళ్ల చుట్టరికం చెత్తబుట్టకి!