సీలింగు పైన కాపురం

సిడ్నీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "రాత్రిళ్ళు ఇంటిపైన ఎవరో నడుస్తున్నారక్కా, పోలీసులకి ఫోన్ చెయ్యమంటావా?" అక్కర్లేదు, అది పోసమ్. పిల్లి అంత ఉంటుంది. గులాబీ రంగు ముక్కు, గుబురుగా నల్లటి తోక. పగలంతా సీలింగు పైన చీకట్లో పడుకుని, పొద్దుగూకాక పెంకుల మీద దబదబా పరుగులు పెడుతుంది. రెండు మగవి ఎదురుపడ్డాయా, మొద్దుబారిన రంపంతో దుంగ కోస్తున్నట్టు గొంతులోంచి చప్పుడు చేస్తాయి. ఇంట్లో చంటిపిల్లలుంటే ఇక జాగారమే.

వెంట్‌వర్త్‌విల్‌లో మా ఇంటిపైన చేరినదాన్ని పట్టించి ఏ పార్కులోనో వదిలిద్దామన్నారు మా వారు. చట్టం ఒప్పుకోదు. న్యూ సౌత్ వేల్స్‌లో పోసమ్‌ని పట్టాలంటే లైసెన్సు ఉండాలి. పట్టినా అదే రోజు పొద్దుగూకాక, పట్టిన చోటికి 150 మీటర్ల లోపే వదలాలి. అందులో న్యాయముంది. కొత్త చోట అప్పటికే వేరే పోసమ్‌లు పాతుకుపోయి ఉంటాయి. తలదాచుకునే తొర్ర దొరక్క, దూరంగా వదిలినవి ఎక్కువ కాలం బతకవు. అందుకే కప్పు మీదికి వంగిన కొమ్మలు కొట్టించి, పెరట్లో చెట్టుకి చెక్కపెట్టె కట్టాం. అది మేతకి వెళ్ళాక, లోపల పిల్లలేవీ లేవని చూసుకుని కన్నం మూయించాం. ఇప్పుడది పెట్టెలోనే ఉంటోంది. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే, పిల్లని వీపున మోసుకుంటూ కంచె మీద నడిచిపోతోంది. పిల్ల వేళ్ళు తల్లి బొచ్చులో గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

సెప్టెంబరులో, ఇక్కడి వసంతంలో, పాపువా న్యూగినీ వైపు నుంచి కోయిలలు దిగుతాయి. మన కోయిలకి దగ్గరి చుట్టాలే. మగదానికి అదే నలుపు, అవే ఎర్రటి కళ్ళు. ఇంకా తెల్లారకముందే మొదలుపెట్టి గొంతు పెంచుకుంటూ పోతుంది. పక్కింటి పెద్దావిడకి దాంతో నిద్ర ఉండదు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మాత్రం కిటికీ తెరిచి, "దసరాల్లో కోయిలేమిటే!" అని సంబరపడింది. తర్వాత పెరట్లో వాటిల్‌బర్డ్ అనే పిట్ట, తనకన్నా లావైన కోయిలపిల్ల నోట్లో పురుగు పెట్టడం చూపించాను. "మన దగ్గర కాకి, ఇక్కడ ఇది" అంది. ఆ మాట పెద్దావిడకి చెప్పాను. ఉగాదికి మేం ఈ కూత కోసం ఎదురుచూస్తామని కూడా చెప్పాను. ఈ ఏడు కోయిల వచ్చిన రోజున, "మీ పక్షి వచ్చింది" అని ఆవిడే కంచె అవతలి నుంచి కేకేసింది.

డిసెంబరు ఎండల్లో సికాడా అనే పురుగుల వంతు. ఏళ్ళ తరబడి మట్టిలో వేళ్ళ రసం పీల్చి బతికి, పైకొచ్చాక కొన్ని వారాలే ఉంటాయి. చెవులు చిల్లులు పడేలా అరిచేవన్నీ మగవే, ఆడవాటిని పిలవడానికి. గ్రీన్‌గ్రోసర్ అనే రకం మోత దగ్గర్లో 120 డెసిబెళ్ళ దాకా ఉంటుంది. అవి పట్టిన చెట్టు కింద పిల్లల్ని ఎక్కువసేపు ఆడనివ్వకూడదు. సాయంత్రం కిటికీలు మూసుకుంటే మనకీ కాస్త ఊరట.

మనుషుల చప్పుడుకి ఇక్కడ వేళలున్నాయి. పక్కింటి గదుల్లోకి వినబడేలా గడ్డికోసే మిషన్‌ని ఆదివారం ఉదయం 8కి ముందు, రాత్రి 8 తర్వాత నడపకూడదు. ఈ జీవాలకి ఆ నియమాలు వర్తించవు. ఎవరు అరుస్తున్నారో, ఎందుకు అరుస్తున్నారో తెలుసుకుంటే ముందు భయం పోతుంది, తర్వాత కోపం తగ్గుతుంది. నిద్ర ఆ తర్వాత దానంతటదే వస్తుంది.

మనవాళ్ళకి ఒక్క విన్నపం. పోసమ్ మన కప్పు కిందికి వచ్చింది చెట్టుతొర్రలు పోయాయి కాబట్టే. యూకలిప్టస్‌లో అది పట్టేంత తొర్ర పడటానికి నూరేళ్ళు పైనే పడుతుంది. మార్స్‌డెన్ పార్క్, స్కోఫీల్డ్స్ వైపు మనవాళ్ళు స్థలాలు కొని ఇళ్ళు కట్టుకుంటున్నారు. మీ స్థలంలో పాత చెట్టుంటే కొట్టించకండి, ప్లానే దాన్ని తప్పించి గీయించండి. ఆ చెట్టుంటే పోసమ్‌కి మీ సీలింగుతో పనుండదు.