కనబడనిదానికి మందు

నవలల్లో నాయికకి కేన్సరు వచ్చిందంటే, ఇంక రెండు వారాల్లో సీరియల్ ముగింపేనని పాఠకులు ఇట్టే పసిగట్టేస్తారు. ఆ ముగింపుని మార్చిన చిన్న పరిశోధనా వ్యాసం ఒకటుంది. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు మరొకరితో కలిసి ప్రచురించారు.

గర్భంలో మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా ఊపిరితిత్తులకి పాకిందంటే అప్పట్లో ఆశ వదులుకోవలసిందే. మెథోట్రెక్సేట్ ఇస్తే ఆ గడ్డలు కరిగిపోయాయి. ఎక్స్‌రే శుభ్రం! కాని మూత్రంలో హెచ్‌సీజీ హార్మోను ఇంకా మిగిలే ఉంది. అంటే, కంటికి కనబడకపోయినా శత్రువు లోపలే ఉన్నట్టు కదా? అది పూర్తిగా పోయేదాకా లీ మందు ఆపలేదు. మనుషుల మీద ప్రయోగాలేమిటని పైఅధికారులు ఆయన ఉద్యోగం ఊడగొట్టారు. తీరా చూస్తే, మధ్యలో మందు ఆపినవాళ్లకి జబ్బు తిరగబెట్టింది. ఆయన కడదాకా ఇచ్చినవాళ్లు బతికి బట్టకట్టారు. 1972లో ఆయనకీ, హెర్ట్జ్‌కీ లాస్కర్ బహుమతి వచ్చింది.

ఆ మందు పుట్టిన లెడర్లీ పరిశోధనశాలకి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! ఈ ఫలితం చూడకుండానే 1948లో పోయారు.

మొన్న మా పిన్ని, "గడ్డ కరిగిందన్నారుగా, మిగతా ఇంజక్షన్లు ఎందుకే?" అంది. లీ కథ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అయితే మంగళవారం నువ్వే వెంట రా," అంది.