డోర్నకల్‌లో ఒక పగలు

విజయవాడ నుండి కాజీపేట వెళ్ళే రైలుమార్గంలో ఖమ్మం దాటిన తరువాత డోర్నకల్ జంక్షన్ వస్తుంది. భద్రాచలం రోడ్ స్టేషనుకు, అంటే కొత్తగూడేనికి, లైను చీలేది ఇక్కడే. ఈ దారిన మేము ఎన్నోసార్లు ప్రయాణం చేశాము గాని ఎన్నడూ దిగి ఊరు చూడలేదు. మొన్న జనవరిలో దిగాము. మేము ముగ్గురము, మాతో మా మిత్రుని భార్య. అసలు ఈ ప్రయాణం తలపెట్టినది మా నాలుగవవాడు. గుడి చూడాలి, బిషప్పు అజరయ్యగారి సమాధి చూడాలి అని ఏళ్ళ తరబడి అంటుండేవాడు. ప్రతి ఏడూ కోతలనో, నూర్పిళ్ళనో మేమే వాయిదా వేశాము. అతడు పోయిన వేసవిలో ప్రభువునందు నిద్రించాడు.

అతని సంగతి కొంచెం చెప్పనివ్వండి. మా ఊళ్ళో రెండు పేటలవారికి గుడి ఒకటే. అయినా మా చిన్నతనంలో ఒక పేటవారు రెండవ పేటలో భోజనానికి కూర్చునేవారు కారు. బల్ల దగ్గర ఒకే రొట్టె, ఇంటి దగ్గర వేర్వేరు కంచాలు. అతడు అవతలి పేటవాడు. ఒక క్రిస్మస్ నాడు, పన్నెండేళ్ళ పిల్లవాడు, మా అరుగెక్కి, "అత్తా, ఆకలేస్తుంది, అన్నం పెట్టు" అన్నాడు. మా అమ్మ ఒక నిమిషం తటపటాయించి పెట్టింది. ఆనాటి నుండి నలభై యేళ్ళు మేము నలుగురము విడిపోలేదు. ఆదివారం అతడు హార్మోనియం వాయిస్తే మేము పాడేవాళ్ళము. మా గొంతులు అంతంత మాత్రమే. అతని వాయిద్యం వాటిని కప్పిపుచ్చేది.

స్టేషను నుండి గుడికి నడుచుకుంటూనే వెళ్ళాము. దూరం నుండే గుమ్మటాలు కనబడ్డాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే ఇది మనం చూచే గుళ్ళవలె ఉండదు. మసీదు మినార్ల వంటి బురుజులు, దేవాలయ మండపాలలో ఉండే రాతిస్తంభాలు, అన్నిటిమీద సిలువ. మన దేశస్థుడు తన సొంత ఇంటిలోనికి వచ్చినట్టు వచ్చి ఆరాధించాలని బిషప్పుగారు కోరుకున్నారు. ఏళ్ళ తరబడి సాగిన ఈ కట్టడం 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠింపబడింది. అప్పుడు ఇది నైజాం రాజ్యం. ఇప్పుడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా. లోపల చల్లగా ఉంది. చెప్పులు బయట విడిచి, నేలమీదనే కూర్చున్నాము.

అజరయ్యగారు తెలుగువారు కారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో డోర్నకల్ పరిచర్యకు వచ్చి, మన భాష నేర్చుకొని, మన పల్లెలలో తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే మొదటి భారతీయ బిషప్పు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన లేచి మాట్లాడారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై అయిదు. మిషనరీలు చేసిన త్యాగానికి వందనాలు చెప్పి, ఇంకొకటి కావాలన్నారు. డబ్బు కాదు, బడులు కాదు, స్నేహితులు కావాలన్నారు. పరలోక సింహాసనాల మాట చెప్పేవారు తమ గదిలో కుర్చీ చూపరే అన్నది ఆయన బాధ. ఈ సంగతి మాకు ముందే తెలుసు. కాని ఆ స్తంభాల మధ్య కూర్చున్నప్పుడు మాకు మా అరుగు, ఆ పన్నెండేళ్ళ పిల్లవాడు కనబడ్డారు.

సంఘాల ఐక్యత కోసం 1919 తరంగంబాడి కూడిక మొదలుకొని ఆయన పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. మూడేళ్ళు తిరగకముందే వచ్చిన ఆ దినాన్ని ఆయన చూడలేదు.

ఆవరణలోని సమాధి దగ్గర నిలబడినప్పుడు మాలో పెద్దవాడు ప్రార్థన మొదలుపెట్టి, రెండు మాటలైనా కాకముందే ఆగిపోయాడు. గొంతు పూడుకుపోయింది. మేమందరము ఏడ్చాము. చెల్లెమ్మ మాత్రం ఏడవలేదు. మమ్మల్ని వింతగా చూచింది.

"మీరు ఏడవచ్చా అన్నయ్యా?" అన్నది.

మాకు అర్థం కాలేదు.

"ఆ రోజు పెట్టె దింపేటప్పుడు మీరే అన్నారుగా, ఏడవకూడదమ్మా, అన్యులు చూస్తున్నారు, మన సాక్ష్యం పోతుందని. నేను అప్పటినుంచి ఏడవలేదు. రాత్రిళ్ళు కూడా ఏడవలేదు. పాట రావడం లేదు, ప్రార్థన రావడం లేదు."

నిజమే, ఆ మాట మేమే అన్నాము. ధైర్యం చెబుతున్నామనుకున్నాము. తీరా మేము మాత్రం ఎవరూ చూడకుండా చేలగట్లమీద కూర్చుని ఏడ్చినవాళ్ళమే. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని థెస్సలొనీకయులకు పౌలు వ్రాసినదానిలో సగం మింగి, దుఃఖపడవద్దన్నంత వరకే ఆమెకు అందించాము. ఆ పౌలే, ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని ఫిలిప్పీయులకు వ్రాశాడు. స్తెఫనును సమాధి చేసినవారు భక్తిపరులే. వారు బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములలో ఉన్నది. ఇక బేతనియ మాట వేరే చెప్పాలా? కాసేపటిలో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ అక్కచెల్లెళ్ళను గద్దించలేదు, వారితో కలిసి కన్నీళ్ళు విడిచాడు.

ఇవేవీ అక్కడ ఆమెకు చెప్పలేదు. ప్రసంగం చేసే సమయం కాదు. "తప్పు మాది చెల్లెమ్మా, క్షమించు" అన్నాము. ఆమె చాలాసేపు పలుకలేదు. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గోడవారగా కూలబడి, ఎనిమిది నెలల ఏడుపు ఏడ్చింది. దారినపోయే ఒక ముసలమ్మ ఆగి, ఎవరమని అడుగకుండానే ఆమె ప్రక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆ తల్లి ఒక్క వాక్యం చెప్పలేదు. మేము సిగ్గుపడ్డాము.

సాయంత్రం బండి ఆలస్యంగా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఇంటినుండి తెచ్చుకున్న పులిహోర తిన్నాము. ఖమ్మం వరకు ఆమె కిటికీలోనుండి మిరపచేలను చూస్తూ కూర్చుంది. ఖమ్మం దాటాక మా వైపు తిరిగింది.

"హార్మోనియం గుడ్డ కప్పి అటకమీద పెట్టాను అన్నయ్యా. ఎలుకలు చేరుతున్నట్టున్నాయి. ఆదివారానికి దింపి తీసుకువెళ్ళండి. రెండు మెట్లు పలకడం లేదని ఆయన అంటుండేవారు, ముందు అవి బాగుచేయించండి."