సరిపడా మోటారు

ఇంట్లో పాలిటెక్నికో ఇంజనీరింగో చదివే పిల్లలున్న తల్లులకు ఆఖరి సంవత్సరం ‘ప్రాజెక్టు’ అన్న మాట చాలు, ఏ ఖర్చు ఆపి ఆ డబ్బు ఇవ్వాలా అని లెక్కలు మొదలవుతాయి. మా అమ్మాయి డిప్లొమా ఆఖరి సంవత్సరం. జట్టులో నలుగురు. తయారైన ప్రాజెక్టును రిపోర్టుతో సహా అమ్మేవాళ్లు ఉన్నారు, మనిషికి మూడు వేలు వేసుకుంటే పని అయిపోతుందని మిగతా ముగ్గురూ తేల్చేశారు. మావారు కూడా "పోనీలే, మార్కులొస్తే చాలు" అన్నారు.

ఇది మాత్రం మొండికేసింది. "నానమ్మ మాత్రల డబ్బా నేనే చేస్తా" అంది.

దానికో కారణం ఉంది. మా అత్తగారికి బీపీ మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. సంక్రాంతి ముందు ఒకరోజు రెండుసార్లు వేసుకుని, కళ్లు తిరిగి వంటింటి గడప దగ్గరే కూర్చుండిపోయారు. ఆ రోజు ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఈ పిల్లే. గదులున్న ఒక గుండ్రటి పళ్లెం, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక గది జరిగి, ఆ రోజు మాత్ర మాత్రమే కిటికీ ముందుకు రావాలి. ఇదీ దాని ఆలోచన. జట్టువాళ్లు వారం గడువిచ్చారు. ఆలోగా తిరిగి చూపించకపోతే కొనేయడమే.

ఫ్యాను మోటారుకి కరెంటిస్తే గిరగిరా తిరుగుతుంది, ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు. స్టెప్పర్ మోటారు అలా కాదు, అడుగులేస్తుంది. లోపలి తీగచుట్లకు ఒకదాని తర్వాత ఒకటిగా కరెంటు అందుతుంటే, లెక్కపెట్టినన్ని అడుగులు వేసి ఆగుతుంది. ఆ వరస తప్పకుండా కరెంటు అందించే చిన్న బోర్డునే డ్రైవర్ అంటారట.

కోఠీ గుజరాతీ గల్లీకి ఇద్దరం వెళ్లాం. కొట్టతను రెండు రకాలు పెట్టాడు. ఒకటి నీమా 17. 42 మిల్లీమీటర్ల చదరం, చేతిలో పెడితే రుబ్బురోలు పొత్రంలా బరువు. చుట్టుకి 200 అడుగులు. దానికి ఏ4988 డ్రైవర్, వేడి లాగే రేకు, 12 వోల్టుల అడాప్టరు అన్నీ కలిపితే పదిహేను వందలకు దగ్గర. రెండోది 28బీవైజే-48. పిడికిట్లో దాగే గుండ్రటి మోటారు. యూఎల్ఎన్2003 బోర్డుతో కలిపి రెండు వందల లోపే.

అమ్మాయి చెయ్యి పెద్దదాని మీదికే పోయింది. "ఎందుకైనా మంచిది, బలంగా ఉంటుంది" అంది.

కొట్టతను అడిగాడు, "ఏం తిప్పాలె మేడమ్? ఎంత బలం కావాలె?"

ఆ ప్రశ్నకు జవాబు కొట్లో దొరికేది కాదు. ఇంటికొచ్చాం.

తిరగలి పిడి అంచున ఎందుకుంటుందో మనకు తెలుసు. నడుమకు దగ్గరగా పట్టుకుంటే భుజాలు పోతాయి. మోటారు బలమూ అలాగే, బరువుని దూరంతో గుణించి చెబుతారు. అమ్మాయి అట్టతో పళ్లెం చేసి, గదుల్లో మాత్రలు నింపి, అంచు చుట్టూ దారం చుట్టింది. దారం కొసను బల్ల అంచు మీదుగా వేలాడదీసి చిన్న ప్లాస్టిక్ సంచి కట్టింది. నేను అందులో శనగపప్పు కొద్దికొద్దిగా పోశాను. పళ్లెం కదిలింది. వంటింటి త్రాసు మీద పెడితే పప్పు, సంచి కలిపి 15 గ్రాములు. పళ్లెం నడుమ నుంచి అంచుకి 6 సెంటీమీటర్లు. గుణిస్తే 90. చిన్న మోటారు 300 దాకా లాగుతుంది. మూడింతలు! లోపల పళ్లచక్రాలుండటం వల్ల దానికి ఆ బలం వచ్చింది, ఆ చక్రాల వల్లే నెమ్మది కూడా. రోజుకొక్క గది జరగడానికి తొందరేముంది?

మర్నాడు చిన్నదే తెచ్చాం. ఇదే మోటారు 12 వోల్టులదీ ఉంటుంది, చూపుకి తేడా తెలీదు. వెనక చీటీ మీద 5 అని చూసి తీసుకున్నాం.

గదులు మొదట ఏడనుకుంది, వారానికి ఏడు రోజులు కదా. కానీ ఈ మోటారుకి చుట్టుకి 2048 అడుగులు. ఏడుతో భాగిస్తే శేషం మిగులుతుంది. ఎనిమిదితో అయితే గదికి సరిగ్గా 256. అందుకని ఎనిమిది గదులు, ఒకటి ఖాళీ. నిజానికి లోపలి చక్రాల లెక్క కచ్చితంగా 64 కాదు, ఓ పిసరు తక్కువ. చుట్టుకి పది అడుగుల తేడా వస్తుంది. చూస్తే ఏమీ లేదనిపిస్తుంది గానీ, పది వారాలయ్యేసరికి పళ్లెం అరగదికి దగ్గరగా పక్కకు పోతుంది. మాత్రల విషయంలో అది కుదరదు. అందుకే ఖాళీ గది దగ్గర ఓ చిన్న స్విచ్ పెట్టింది. వారానికోసారి పళ్లెం దానికి తగలగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

కరెంటు కూడా ఆర్డుయినో బోర్డు నుంచి తీసుకోకుండా పాత ఫోను చార్జరు వాడింది. రెండిటి నెగటివ్ తీగలూ కలపకపోతే మోటారు వణుకుతుంది తప్ప తిరగదని ఒక రాత్రంతా కూర్చున్నాక తెలిసింది. గది జరిగాక మోటారుకి కరెంటు ఆపేస్తుంది. లేకపోతే ఊరికే వేడెక్కుతుంది. ఆపినా పళ్లచక్రాల వల్ల పళ్లెం దానంతటది జారదు.

ఆరో రోజు సాయంత్రం జట్టువాళ్లు వచ్చారు. నాలుగు ఎర్ర దీపాలు మిణుకుమన్నాయి, పళ్లెం ఒక గది జరిగి ఆగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "రిపోర్టు నేను రాస్తా" అని ఒకమ్మాయి అంది. మూడు వేల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

డబ్బా ఇప్పుడు మా అత్తగారి మంచం పక్కనుంది. ఆదివారం గదులు నింపేటప్పుడు చీటీతో సరిచూసే పని మాత్రం నాదే, దాన్ని ఏ మోటారుకీ వదలను.

మీ పిల్లలు ఇలాంటివి కొనాలంటే ధర అడిగే ముందు ఈ మూడూ అడగండి. ఎంత బలం కావాలి? ఎంత వేగం? ఎంత కచ్చితంగా ఆగాలి? వీటికి జవాబు చెప్పగలిగిన పిల్లలకు చవకైనదేదో వాళ్లకే తెలుస్తుంది. త్రాసూ శనగపప్పూ ఎలాగూ మన దగ్గరుంటాయి.